తుమ్మచెక్క పట్టించిన పడక

ఆ వ్యాను గురించి చెప్పమన్నావు గదా రాజ్యం. చెప్తా. నిదానంగా చెప్తా, నువ్వూ నిదానంగానే రాసుకో.

మామూలు వ్యాను కాదమ్మా అది. కుడి పక్కొకటి, ఎడం పక్కొకటి, రెండు పడకలుండేవి దానికి. బల్లసొరుగు లాగినట్టు లాగితే పడక వ్యానులోంచి బయటికొచ్చి గాల్లో నిలబడేది. పడిపోకుండా కింద రెండు ఇనప కాళ్ళు ఆనించేవాళ్ళం. పైన మూడు ఇనప కడ్డీలు, గూడుబండికి ఉన్నట్టు వంపు తిరిగి ఉండేవి. ఆ కడ్డీల మీద కిత్తానగుడ్డ. కాన్వాసు అంటారే, అదే. పడుకున్న మనిషి తలకాయ వ్యానులో ఉండేది, నడుం కాడ్నించి కాళ్ళ దాకా ఆ గుడ్డ కింద ఉండేది. వానొచ్చినా మంచు కురిసినా ఆ గుడ్డే కాపు.

బెజవాడలో మిషను వాళ్ళు నడిపే చిన్న కళ్ళాసుపత్రిది ఆ వ్యాను. డెబ్బై రెండు, డెబ్బై మూడు, ఆ నడిమి సంగతి. కార్తీకమాసం వస్తే ఊళ్ళమ్మట క్యాంపులకి బయల్దేరేవాళ్ళం. ఒక ఊళ్ళో పది రోజులు, అక్కడ బడి అడిగి తీసుకుని శుక్లాలు కోసేవాళ్ళు. మళ్ళీ ఇంకో ఊరు. ఫాల్గుణం దాకా అంతే. డాక్టరు వెంకటకృష్ణారావు గారు ఎవరో ఒక పెద్దమనిషి ఇంట్లో దిగేవారు. నర్సు రూతమ్మ గారు ఒక పడకలో, ఆయా అమలమ్మ రెండో పడకలో. డ్రైవరు సొలొమోను ముందు సీట్లో కాళ్ళు ముడుచుకునేవాడు. నేను వాచ్‌మన్ని, వంటా నాదే. వ్యాను కింద చాప వేసుకునేవాణ్ణి.

మీ అమ్మమ్మ కొండలమ్మ పోయిన ఏడే నేను వల వదిలేసి బెజవాడ వచ్చేశా. మీ అమ్మకి అప్పటికే పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోయింది. మా పల్లె సముద్రం అంచున. అక్కడ ఇంట్లోకెళ్తే మాట్లాడే మనిషి లేదు, పడవెక్కితే తిరిగి రావాలనిపించేది కాదు. అందుకని వచ్చేశా.

క్యాంపులో అన్నాలయ్యాక ఆడవాళ్ళిద్దరూ పడకల్లో చేరి మాట్లాడుకునేవాళ్ళు. నా నెత్తిమీదే. గుడ్డ గదా, అన్నీ వినపడేవి.

"అమలమ్మా, ఇవాళ పప్పులో ఉప్పెక్కువైంది కదూ?"

"ఆయనకి చెయ్యి జారింది లెండి సిస్టర్ గారూ. మొగాడి వంట అంతే."

"పేరయ్య గారూ, వింటున్నారా?"

"వింటన్నానండి."

"అయితే రేపు తగ్గించండి."

ముందు సీట్లోంచి సొలొమోను, "తగ్గించమాక మావా, వాళ్ళు తినేది తగ్గితే మనకి మిగులుద్ది," అనేవాడు. ఇంతే మాటలు. ఎవరికి కట్టు విప్పారు, ఎవరి కోడలు గొడవపడింది, ఏ ముసలమ్మకి ఇన్నేళ్ళకి మనవడి మొహం కనపడింది. నేను కింద ఊ కొడతా పడుకునేవాణ్ణి. ఇల్లంటే అదే అనిపించేది నాకు. చెప్పకూడదు గానీ, ఫాల్గుణం వస్తందంటే గుబులుగా ఉండేది.

ఎందుకంటే ఫాల్గుణం తర్వాత వ్యాను షెడ్డులో పడేది. బందరు కాలవ పక్కన రేకుల షెడ్డు, మూడు వైపులే గోడ. ఆసుపత్రి వేరే చోట, దూరం. రూతమ్మ గారు ఆసుపత్రి వార్డులో పనికెళ్ళిపోయేవారు, అమలమ్మ వాళ్ళ చుట్టాలకాడికి. సొలొమోను ఆసుపత్రి జీపు తోలేవాడు. నేనూ వ్యానూ మిగిలేవాళ్ళం. ఏడెనిమిది నెలలు. వారానికొకసారి సొలొమోను వచ్చి రెండు మాటలు మాట్లాడి పోయేవాడు. అంతే మనిషి గొంతు.

మొదటేడు వానల్లో ఆ గుడ్డ సంగతి ఎవరికీ తెలీదు. పడకలు లోపలికి నెట్టి, గుడ్డ మడతలు పడి అట్టాగే ఉంది. కాలవ చెమ్మ ఊరుకుంటదా? కార్తీకంలో తెరిస్తే నల్లచుక్కలు, పచ్చచుక్కలు, అడుగడుక్కీ బూజు. ముక్కిపోయిన వాసన. సబ్బుతో రుద్దాం, ఎండేశాం, వాసన పోలా. ఆ సీజనంతా రూతమ్మ గారు దగ్గుతానే ఉన్నారు. పడుకోంగానే మొదలయ్యేది. ఆమె దగ్గుతుంటే కింద నాకు నిద్ర పట్టేది కాదు.

ఫాల్గుణంలో వ్యాను షెడ్డులో పెట్టిన రోజు డాక్టరు గారు గుడ్డ మీద వేలు రాసి చూశారు. వేలికి నల్లగా అంటింది.

"పేరయ్యా, వచ్చే కార్తీకానికి కూడా ఇట్టాగే ఉంటే ఈ పడకలు పీకించేస్తాను. రెండు పక్కలా రేకు కొట్టించేద్దాం. పొద్దున్నే క్యాంపుకి వెళ్ళి, సాయంత్రం బెజవాడ వచ్చేస్తాం. దగ్గర ఊళ్ళకే వెళ్దాం."

"మరి నేనండి?"

"నువ్వెందుకు అప్పుడు? వంట అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. నువ్వు ఇక్కడే షెడ్డు చూసుకో."

ఆయన చెడ్డగా అన్లేదమ్మా. దగ్గే మనిషిని చూసి అన్నారు. కానీ నాకు కనపడింది ఒకటే. ఏడాది పొడుగునా ఆ షెడ్డులో నేనొక్కణ్ణే. ఆ గుడ్డకి బూజు రాకుండా వానలు దాటించాలి, అంతే, ఇంక వేరే దారి లేదనుకున్నా.

ముందు సున్నపుతేటతో కడిగా. రెండ్రోజులు బాగుంది, మూడో వాన పడేసరికి చుక్కలు మళ్ళీ మొదలు. వేపాకు పెట్టా. ఎండ వస్తే రెండు పడకలూ బయటికి లాగటం, మబ్బు పడితే లోపలికి నెట్టటం. రోజుకి ఆరుసార్లు. సొలొమోను వచ్చి చూసి ఒకటే నవ్వు.

"ఏంది మావా, పురిటిబిడ్డకి ఎండ చూపిస్తన్నావా?"

"నవ్వరా నవ్వు. రేకు కొట్టిస్తే నీ ముందు సీటూ పోద్ది."

"నాకేం, ఇంట్లో మంచం ఉంది."

నిజమే. వాడికి మంచం ఉంది.

ఒకరోజు ఆ గుడ్డ చేత్తో పట్టుకుని కూర్చుంటే తట్టింది. ఇదీ నూలే గదా. మా వలలూ నూలే. పగలంతా ఉప్పునీళ్ళలో నానే వలకి కుళ్ళు రాకుండా మేమేం చేసేవాళ్ళం? తుమ్మచెక్క పట్టించేవాళ్ళం. తుమ్మచెట్టు బెరడు దంచి, పెద్ద రాగికాగులో నీళ్ళుపోసి ఎర్రగా మరిగించి, ఆ వేడి నీళ్ళలో వల ముంచి నానేసేవాళ్ళం. వల ఎర్రగా, గట్టిగా అయ్యేది. బూజూ పట్టదు, కుళ్ళూ పట్టదు. ఇంత తెలిసినోణ్ణి ఏడాదంతా సబ్బులు రుద్దుతా కూర్చున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నా.

సొలొమోనుకి రెండ్రోజులు షెడ్డు అప్పజెప్పి, గుడ్డలు రెండూ కడ్డీల మీంచి విప్పి మూటగట్టి బస్సెక్కా. ఉయ్యూరు కాడ చక్కెర మిల్లు వాసన, అవనిగడ్డలో దిగి ఇంకో బస్సు, ఆపైన నడక. మూట బరువుకి భుజం కమిలింది.

మా అన్న కొండలయ్య మూట చూసి, "ఏందిరా పేరిగా, శవాన్ని మోసుకొచ్చినట్టు!" అన్నాడు.

"గుడ్డకి చెక్క పట్టించాలన్నా."

"చెక్కా? ఇంకెక్కడి చెక్క? అందరూ నైలాను వలలు కొనుక్కున్నారు. దానికి చెక్కా అక్కర్లా, ఏమీ అక్కర్లా. కాగు అదిగో, కోళ్ళు పొదుగుతన్నాయి దాంట్లో."

నిజంగానే కాగులో కోడిపెట్ట కూర్చునుంది. ఒకప్పుడు చెక్క పట్టించే రోజంటే పల్లె పల్లంతా ఆ కాగు చుట్టూనే. ఆడవాళ్ళు బెరడు దంచేవాళ్ళు, మొగాళ్ళు మంట చూసేవాళ్ళు, మా పల్లెలో ఆ ఏడు మొగదిక్కు పోయిన ఇంటి వల ముందు ముంచేవాళ్ళం, తర్వాతే మిగతావి. అక్కడే చేపల కూర, అక్కడే తిండి. మీ అమ్మమ్మ దంచుతుంటే చేతులు మోచేతుల దాకా ఎర్రబడేవి, వారం దాకా పోయేవి కావు.

ఈసారి నేనూ మా అన్నే. ఆయన కాసేపు బెరడు దంచి, నడుం నొప్పని వెళ్ళి పడుకున్నాడు. నేనొక్కణ్ణే మంట పెట్టా. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. "ఏంది పేరయ్యా, ఇంకా నూలు వలేనా?" అని ఒకడు, అంతే, పోయాడు. గుడ్డలు ముంచి, పొద్దున్నే తీసి ఇసకలో కర్రలు పాతి నీడన ఆరేశా. మంచి రంగొచ్చింది. కోసిన మావిడిటెంక రంగు.

బెజవాడ వచ్చి కడ్డీల మీద మళ్ళీ బిగించి కట్టా. పడక లోపలికి నెట్టినా గుడ్డ మడతపడకుండా కడ్డీల మీదే బిగుతుగా ఉండేట్టు తాళ్ళు మార్చా.

శ్రావణంలో ఒక ఆదివారం రూతమ్మ గారు వచ్చారు. చర్చి నుంచి అట్టే వచ్చారు, గొడుగు పట్టుకుని. ఆమె పొడుగు మనిషి, షెడ్డులోకి వంగి రావాలి.

"సొలొమోను చెప్పాడు, మీరేదో కషాయం పట్టించారంట పడకకి."

"చూడండమ్మగారూ."

ఆమె గుడ్డకి మొహం ఆనించి గట్టిగా వాసన చూశారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డా. దగ్గు రాలా.

"చెట్టు వాసనొస్తోంది పేరయ్య గారూ. బాగుంది. ఈ ఏడు హాయిగా నిద్రపోతాను."

టీ ఇచ్చా. పావుగంట కూర్చుని, వార్డులో సంగతులు చెప్పి వెళ్ళారు. ఆ పావుగంట నాకు భాద్రపదం దాకా సరిపోయింది. వానలు బాగా పడ్డాయి ఆ ఏడు. కాలవ గట్టు దాకా నీళ్ళు. రోజూ వేలు రాసి చూసేవాణ్ణి. బూజు చుక్క లేదు.

ఆశ్వయుజంలో వానలు తగ్గాక పడకలు పూర్తిగా లాగి, గుడ్డలు కడ్డీల మీంచి విప్పా. విప్పితే కనపడింది. ప్రతి కడ్డీ ఆనిన చోటా గుడ్డ మీద నల్లటి గీత. కాటుకతో గీసినట్టు, నాలుగు వేళ్ళ వెడల్పున. మసేమో అనుకుని తడిగుడ్డతో రుద్దా. నా బొటనవేలు గుడ్డలోంచి అవతలికొచ్చింది. అప్పడం విరిగినట్టు విరిగింది గుడ్డ. ఇంకోచోట నొక్కా. అక్కడా అంతే. మిగతా గుడ్డంతా చెప్పుతోలులా గట్టిగా ఉంది, ఆ గీతల కాడ మటుకు ఏమీ లేదు.

ఏం జరిగిందో అర్థం గాలా. మూడో రోజు డాక్టరు గారు జీపులో వచ్చి చూశారు. ఏం చేశావని అడిగి, అంతా విన్నారు.

"పాతరోజుల్లో సిరా ఎట్టా చేసేవాళ్ళో తెలుసా పేరయ్యా? కరక్కాయ కషాయంలో ఇనుము కలిపేవాళ్ళు. కరక్కాయలో ఉండే వగరే నీ తుమ్మచెక్కలోనూ ఉంది. చెమ్మకి కడ్డీ ఇనుము దాంట్లో కలిసింది. నువ్వు గుడ్డ మీద సిరా తయారుచేశావు. అది గుడ్డని తినేసింది."

"మా వలలకి ఎప్పుడూ ఇట్టా అవలేదండి."

"మీ వలలకి ఇనుముందా?"

లేదు. మా వలలకి బరువుగా కట్టే గుళ్ళు మట్టివి, లేకపోతే సీసం. తాతల కాలం నుంచీ వలకి ఇనుము తగలనిచ్చిందే లేదు, అందుకని అది మాకు తెలిసిందే లేదు. కడ్డీలకి నాలుగు పాతగుడ్డలు చుట్టి కడితే సరిపోయేది. అంత పని.

"కొత్తగుడ్డ కుట్టించలేమాండి?"

"వన్‌టౌన్లో డేరాలు కుట్టేవాళ్ళని అడిగాను. ఇంత మందం కాన్వాసు ఇప్పుడు రావట్లేదంటున్నారు. మొదటి క్యాంపుకి ఇంకా ఇరవై రోజులుంది. నువ్వేమన్నా చెయ్యగలిగితే చెయ్యి. లేకపోతే రేకే."

చేశానమ్మా. నల్లగీతలున్న మేరా కత్తిరించి తీసేశా. ఆ సందుల్లో మంగళగిరి మందపాటి నేతగుడ్డ ముక్కలు అతికి చూశా. నీళ్ళు చల్లితే జల్లెడే. అది పీకేసి, కిత్తానగుడ్డ అంచులే ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పురికొసకి మైనం పట్టించి, దబ్బనంతో కుట్టా. వలలు అల్లిన చెయ్యి గదా, కుట్టు బాగానే వచ్చింది. వేళ్ళు పగిలినయ్యి. కడ్డీలకి గుడ్డపేలికలు చుట్టా. పన్నెండు రోజులు పట్టింది. బిందెలతో నీళ్ళు పోస్తే చుక్క కారలా.

కాకపోతే గుడ్డ పొట్టయింది. మూడు చోట్ల కత్తిరించి, మూడు చోట్ల అంచులెక్కిస్తే మూరన్నర పోయింది. గుడ్డ ఎంతవరకు వస్తే పడక అంతవరకే వస్తది.

బయల్దేరే ముందు డాక్టరు గారు వాసన చూశారు, నీళ్ళు పోయించి చూశారు. "కురచ కాలేదూ?" అన్నారు.

అమలమ్మ ఎక్కి పడుకుని, "నాకు సరిపోయిందండి!" అంది. ఆవిడ పొట్టి మనిషి, సరిపోకేం.

రూతమ్మ గారు ఎక్కారు. గుడ్డ అవతల నుంచి చూస్తన్నా నేను. మోకాళ్ళు గుడ్డని పైకి పొడుస్తన్నాయి.

"సరిపోయిందా సిస్టర్?"

"సరిపోయింది డాక్టర్ గారూ. నేనెటూ ముడుచుకునే పడుకుంటాను."

బయల్దేరాం. పామర్రు దాటాక ఒక ఊరు. నాకు పండగే. చాప వేసుకున్నా, పైన మాటలు మొదలయ్యాయి. దగ్గు లేదు. "పేరయ్య గారూ, ఉప్పు సరిపోయింది ఇవాళ." ఊ కొట్టా. ఇంకేం కావాలి?

నాలుగో రోజు పొద్దున గంజి పట్టుకుని బళ్ళోకి వెళ్ళా. శుక్లాలు కోసినవాళ్ళు వరసగా చాపల మీద పడుకున్నారు, రెండు కళ్ళకీ కట్లు. రూతమ్మ గారు ట్రే పట్టుకుని అటు చివరి నుంచి వస్తన్నారు. ఒక ముసలమ్మ తల పక్కకి తిప్పింది.

"ఎవరది? కుంటుకుంటా వస్తన్నారు?"

"నేనే అవ్వా. సిస్టర్ని."

"మొన్న ఇట్టా నడవలేదే నువ్వు. అడుగు తేడాగా ఉంది. కాలికేమయింది తల్లీ?"

"ఏం లేదు. మంచుకి పట్టేసింది."

"నీ కాళ్ళు నువ్వు చూసుకో ముందు. నీకు బాగుంటేనే గదా మా కళ్ళు బాగుచేసేది," అంది ముసలమ్మ. పక్కనున్నవాళ్ళు నవ్వారు. రూతమ్మ గారూ నవ్వారు.

నాలుగు రోజుల్నుంచీ చూస్తన్నాను నేను, రెండు కళ్ళూ తెరుచుకుని. పొద్దున్నే దిగేటప్పుడు వ్యాను తలుపు పట్టుకుని నిలబడతన్నారు, మోకాళ్ళు నిమురుకుంటన్నారు. చూశా. చూసి పొయ్యి రాజేసుకోటానికి పోయా. కళ్ళకి కట్లున్న ముసలమ్మ అడిగింది, నేను అడగలా.

పొయ్యి కాడికి నీళ్ళకి వచ్చినప్పుడు అడిగా.

"అమ్మగారూ, కాళ్ళు పట్టడంలా గదా పడకలో."

"ఎవరన్నారు? బాగానే ఉంది."

"పొద్దున మీ నడక—"

"పేరయ్య గారూ, మీ పని మీరు చూసుకోండి. నేను బాలేదంటే రేకు కొట్టిస్తారు. అప్పుడు మీరా షెడ్డులో ఒక్కరే..." అని ఆగిపోయారు.

షెడ్డంటే నాకు గుబులని నేను ఎవరితోనూ అన్లేదమ్మా. సొలొమోనుతో కూడా అన్లేదు. అమలమ్మ పక్కనే గిన్నెలు తోముతా తలెత్తకుండా అంది, "మా మాటలకి కింద నువ్వు ఊ కొడతావు గదా అన్నయ్యా. పైకి వినపడదనుకున్నావా?"

ఆ సీజను ఇంకా నాలుగు నెలలుంది. నాలుగు నెలలు ఆమె నా కోసం మోకాళ్ళు ముడుచుకుని పడుకోవాలి, పగలంతా నిలబడి పనిచెయ్యాలి. నేనేమో కింద చాప మీద కాళ్ళు బారజాపుకుని మాటలు వినాలి.

సాయంత్రం డాక్టరు గారు దిగిన ఇంటికి వెళ్ళా.

"పడక కురచయిందండి. సిస్టర్ గారి కాళ్ళు పట్టడంలా. ఆమె చెప్పరు. రేకు కొట్టించెయ్యండి."

ఆయన నావైపు చూశారు. "ఆలోచించుకునే చెప్తున్నావా పేరయ్యా? నువ్వక్కడే ఉండిపోవాల్సి వస్తుంది."

"తెలుసండి."

ఆ క్యాంపు అయిపోంగానే వ్యాను బెజవాడ వచ్చేసింది. రూతమ్మ గారు నాతో రెండ్రోజులు మాట్లాడలా. మూడో రోజు, "మీకంత తొందరేమొచ్చింది?" అని మటుకు అన్నారు. రేకు కొట్టేవాళ్ళు వచ్చారు. కుట్లు వాళ్ళని ముట్టుకోనివ్వలా, నేనే విప్పి ఇచ్చా. రెండు రోజుల్లో పడకలు లేవు, రెండు పక్కలా నున్నటి రేకు.

తర్వాత సోమవారం పొద్దున్నే అందరూ ఎక్కారు. సొలొమోను హారన్ కొట్టి, "మావా, గేటు!" అన్నాడు. తీశా. పొద్దుగూకేసరికి తిరిగొచ్చారు. మళ్ళీ తీశా. డాక్టరు గారు, అమలమ్మ, సొలొమోను, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. రూతమ్మ గారు చివర దిగారు. "వెళ్ళొస్తాను పేరయ్య గారూ," అని కాలవ గట్టమ్మట నడిచారు. తిన్నగా నడిచారు. వంతెన దాకా చూశా.

గేటు వేసి పొయ్యి కాడ కూర్చున్నా. ఈ నెలల్లో అయిదుగురికి వండటం అలవాటైన చెయ్యి. ఒక్కడికి ఎన్ని బియ్యం పొయ్యాలో తెలీలా. ఎక్కువే పోశా.